అతుకుల నౌకా, ఏకాండీ నౌకా?

దూలంబండి:
నేను రాసుకుంటున్న లోకంలో నౌకలు ఏళ్ల తరబడి ఒక నక్షత్రం నుంచి ఇంకో నక్షత్రానికి తిరుగుతూనే ఉంటాయి. అందుకని ఇలా గీసుకున్నాను: మధ్యలో 240 మీటర్ల దూలం, వెనక ఇంజన్, ముందు కంట్రోల్ రూమ్, దూలానికి అటూ ఇటూ కలిపి 24 మాడ్యూళ్లు. పడక గదులు, తోట, ఆసుపత్రి, సరుకు, ఏదైనా సరే ఒకటే రకం కొక్కెం, ఒకటే రకం తలుపు. రేవులో ఒకటి విప్పి ఇంకోటి తగిలించుకోవచ్చు. తలుపు గుండ్రంగా, 2 మీటర్ల వెడల్పు. ఎలా ఉంది?

ఏకాండీ:
సూటిగా చెప్తాను, ఈ అతుకులు వద్దు, మొత్తం ఒకటే పెంకుగా కట్టండి. ఎడమ పక్క సరుకు మాడ్యూల్ ఒకటి తీసేశారనుకోండి, గరిమనాభి, అంటే నౌక బరువంతా సమంగా తూగే బిందువు, కుడికి జరుగుతుంది. ఇంజన్ మాత్రం పాత గీత మీదే తోస్తుంది. నౌక తిన్నగా పోకుండా పక్కకు తిరగడం మొదలుపెడుతుంది. ఇంజన్ మూతి తిప్పుకుంటామంటారు, ఎంతని తిప్పుతారు? పైగా 24 అతుకులంటే గాలి కారడానికి 24 చోట్లు. మా ఇంట్లో విడదీసి బిగించుకునే బీరువా ఉంది. రెండుసార్లు ఇల్లు మారేసరికి మూలలన్నీ వదులైపోయాయి. ఇప్పుడు దాని తలుపు పడాలంటే కింద అట్టముక్క దోపాలి. అతుకు బతుకు అంతే.

రబ్బరువాషర్:
2 మీటర్ల తలుపా! లోపల మామూలు గాలి ఒత్తిడి, బయట శూన్యం అయితే దాని మీద దాదాపు 32 టన్నులు మోపినట్టు. 80 సెంటీమీటర్లు చేయండి, 5 టన్నులతో పోతుంది.

దూలంబండి:
80లో మనిషి దూరతాడు, మంచం దూరదు. ఐఎస్ఎస్‌లో (అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో) రెండు రకాలూ ఉన్నాయి. మనుషులు వచ్చిపోయే నౌకలు తగులుకునే చోట 80 సెం.మీ. దారి. అమెరికా వైపు మాడ్యూళ్లు కలిసే చోట దాదాపు 127 సెం.మీ. చదరపు తలుపు, చుట్టూ 16 మోటారు బోల్టులు. బీరువా అంతేసి ర్యాకులు పట్టాలి కాబట్టి అంత పెట్టారు. 1998లో ముక్కముక్కగా కట్టడం మొదలుపెట్టారు, 2000 నుంచి మనుషులు ఉంటూనే ఉన్నారు. మీ బీరువా సంగతి దాన్ని చేసినవాణ్ణి అడగండి.

ఏకాండీ:
ఐఎస్ఎస్ కక్ష్యలో తేలుతోంది, మీ నౌక పరిగెత్తాలి. పోలికే కుదరదు.

చివరిబెంచి:
ఎడమ పక్క 7వ మాడ్యూల్ తీస్తే కుడి పక్క 7వది కూడా తీసేయండి. గరిమనాభి గొడవ తీరిపోయింది.

రేవుకాపరి:
రష్యా వాళ్ల పాత అంతరిక్ష కేంద్రం మీర్ సంగతి ఎవరూ ఎత్తరేం? 1997 జూన్‌లో సరుకు నౌక వచ్చి స్పెక్టర్ మాడ్యూల్‌ని గుద్దింది. గాలి పోతోంది. మూసేద్దామంటే తలుపు గుండా కేబుళ్లు! కొన్ని ఊడబెరికి, కొన్ని కోసి, మూత బిగించారు. ఆ మాడ్యూల్ పోయింది, మనుషులు బతికారు. అదే ఒకటే పెంకు అయ్యుంటే?

ఏకాండీ:
అదే నేనూ అంటున్నా. గుద్దింది ఎందుకు? సరుకు నౌకను తగిలించే పరీక్షలోనే కదా. స్పెక్టర్ సౌర పలకల నుంచి వచ్చే కరెంటు కూడా పోయింది. తలుపు పెట్టినవాళ్లు దాని గుండా కేబుళ్లు లాగకుండా ఉండలేకపోయారు చూడండి. మీ 24 తలుపుల్లోనూ అదే జరుగుతుంది.

చివరిబెంచి:
ఇద్దరూ ఒకే యాక్సిడెంట్‌ని సాక్ష్యానికి పిలుస్తున్నారు. బాగుంది.

దూలంబండి:
సరే, కేబుళ్లు తలుపు బయట నుంచి పోతాయి. ప్రతి మాడ్యూల్‌కీ చిన్న థ్రస్టర్లు, అంటే అటూ ఇటూ తోసే బుల్లి ఇంజన్లు, కూడా ఇస్తాను. విడిపోయినా సొంతంగా కదులుతుంది.

ఏకాండీ:
2021 జులైలో నౌకా అనే రష్యన్ మాడ్యూల్ ఐఎస్ఎస్‌కి తగులుకున్న కొన్ని గంటలకే తనంతట తాను థ్రస్టర్లు మండించి మొత్తం కేంద్రాన్ని ఒకటిన్నర చుట్టు తిప్పేసింది. ఇవ్వండి, 24 మందికీ ఇవ్వండి.

రబ్బరువాషర్:
నేనింకా 80 చాలనే అంటున్నా.

దూలంబండి:
ఏకాండీ గారూ, గరిమనాభికి జవాబు చెప్తే గాలి అంటారు, గాలికి చెప్తే థ్రస్టర్లంటారు. మాడ్యూళ్ల మీద మీకీ కక్ష ఏంటండీ?

ఏకాండీ:
అడిగారు కాబట్టి చెప్తా. పోయినసారి మనం ఆరుగురం కలిసి రాసిన కథలో నౌక కూడా ఇలాంటిదే, డిజైన్ కూడా మీదే. తోట మాడ్యూల్ నాది. నాలుగు నెలలు రాశాను. నీటి గొట్టానికి చెవి ఆనించి ఎక్కడ పూడుకుపోయిందో చెప్పే ముసలాయన గుర్తున్నాడా? ఒకరోజు పొద్దున్నే తెరిచి చూస్తే మీ అధ్యాయం. "ఇంధనం చాలక తోటను వదిలేశారు." ఒక్క వాక్యం! నన్ను అడగలేదు. ముసలాయన లోపలే ఉన్నాడు. కొక్కెం అంటూ ఉంటే విప్పేవాడు ఎవడో ఒకడు తయారవుతాడు.

దూలంబండి:
ఆయన లోపలున్నాడని చూసుకోలేదు, నిజం. కథ కదలడం లేదని టెన్షన్‌లో రాసేశాను. తప్పే. కానీ నేను కొక్కేలు పెట్టింది ఎవరినీ గెంటేయడానికి కాదు. పోదామనుకున్నవాడు కెప్టెన్‌ని బతిమాలకుండా తన గదితో సహా పోవాలి. ఒకే పెంకులో ఇరవై ఏళ్లు ఇరుక్కున్న మనుషుల గురించి నేను రాయలేను, నాకే ఊపిరాడదు.

రేవుకాపరి:
అయితే ఈ గొడవంతా పిడి ఎటువైపు ఉండాలన్నదే. లోపలుంటే పోవచ్చు, బయటుంటే గెంటేయొచ్చు. లోపలే పెట్టేయండి.

ఏకాండీ:
లోపలివాళ్లు స్పృహ తప్పితే? స్పెక్టర్‌ని ఇవతలి నుంచే కదా మూశారు.

దూలంబండి:
మూయడం వేరు, విప్పడం వేరు. తలుపు ఎటు నుంచైనా మూయొచ్చు, కొక్కెం మాత్రం లోపలి నుంచే విప్పాలి. ఇలా రాస్తే ఒప్పుకుంటారా?

ఏకాండీ:
మంట ఇంధన ట్యాంకుల వైపు వస్తుంటే అప్పుడేంటి? అది ఆలోచించాలి. ముందు ముసలాయన సంగతి తేల్చండి. తోట విడిపోయేటప్పటికి అందులో ఎన్ని రోజుల గాలి ఉందో మీరు రాయలేదు.