ఇంటి సర్వర్ బయట నుంచి తెరుచుకోవట్లేదు, పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టినా అంతే

రాజమండ్రి_పై:
సాయంత్రం ఆరింటికి కూర్చున్నాను, ఇప్పుడు రాత్రి ఒంటిగంటన్నర. ఇక నా వల్ల కావట్లేదండీ. రాస్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్, రెండు టీబీ హార్డ్ డిస్క్, దాని మీద పుస్తకాలు బ్రౌజర్‌లో చదివించే కాలిబర్ వెబ్. ఇంట్లో వైఫై మీద చక్కగా తెరుచుకుంటోంది. బయట నుంచి మాత్రం రావట్లేదు, తిరిగి తిరిగి ఆగిపోతోంది. బయట నుంచి వచ్చే కనెక్షన్ దానికే చేరేలా రూటర్‌లో 8083 పోర్ట్ ఫార్వర్డ్ చేశాను. ఐపీ మారినా ఇల్లు దొరికేలా డక్ డీఎన్ఎస్ పేరు ఉంది. రాస్‌బెర్రీ పై మొత్తం చెరిపేసి రెండుసార్లు మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. ఇదివరకు పనిచేసేది! అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఎవరైనా చెప్పండి, ప్లీజ్. నాన్నగారు ఎల్లుండి అక్క వాళ్లింటికి విజయవాడ వెళ్తున్నారు, అక్కడ చదువుకోవడానికి ఇది కావాలి.

పాతకెర్నల్:
రూటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ, అంటే కంపెనీ నీ రూటర్‌కి ఇచ్చిన చిరునామా, ఎంత?

తాళంచెవి:
వ్యాన్ ఐపీ సంగతి తర్వాత. ముందు ఆ 8083ని మూసేయండి. మీరు తెరిచింది మామూలు హెచ్‌టీటీపీ. అక్క వాళ్లింట్లో మీ నాన్నగారు లాగిన్ అయితే పాస్‌వర్డ్ ఏ తొడుగూ లేకుండా దారిపొడవునా వెళ్తుంది. కాలిబర్ వెబ్ మొదట ఇచ్చే అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చారా? అది అందరికీ తెలిసినదే. ఇంటర్నెట్‌లో తెరిచి ఉన్న పోర్టుల కోసం రోజంతా వెతికే బాట్లు ఉంటాయి, మీ ఇల్లు చిన్నదని వదిలిపెట్టవు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తులతో గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పిచ్చింది. ఆ హక్కును మన ఇంట్లోనే మనం పారేసుకోకూడదు.

రాజమండ్రి_పై:
పాస్‌వర్డ్ మార్చానండీ. కానీ ఇప్పుడు అసలు తెరుచుకోవడమే లేదు కదా, దొంగలెలా వస్తారు?

అట్టపుస్తకం:
గోప్యత వేరు, భద్రత వేరు. తాళంచెవి గారు చెప్పింది భద్రత గురించి. ఎవరైనా చొరబడకుండా చూసుకోవడం భద్రత. నేను ఏం చదువుతున్నానో నాకు తప్ప ఇంకొకరికి తెలియకపోవడం గోప్యత. పోర్ట్ మూసేసినంత మాత్రాన రెండోది రాదు. అది సరే, ఆ లైబ్రరీలో ఏముందండీ?

తాళంచెవి:
మొదటిది లేకుండా రెండోది నిలబడదు. తలుపు తీసి ఉంటే కిటికీకి కర్టెన్ ఎందుకు?

రాజమండ్రి_పై:
నాన్నగారు వారపత్రికల్లో వచ్చిన సైన్స్ ఫిక్షన్ కథలు, సీరియళ్లు కత్తిరించి ముప్పై ఏళ్లు ఫైళ్లలో దాచారు. 2022 నుంచి ఒక్కొక్కటే స్కాన్ చేస్తున్నాను. కొన్ని కాగితాలు ముట్టుకుంటే పొడైపోతున్నాయి. ఇంకెక్కడా లేవు, అందుకే ఇంట్లో పెట్టాను.

అట్టపుస్తకం:
ఎంత మంచి పని చేస్తున్నారు! ఇవి బయటి సర్వీసులో పెట్టకపోవడమే మంచిది. కానీ ఒక్క డిస్క్ మీదే ఉంచకండి. ఇంకో డిస్క్ కొని అక్క వాళ్లింట్లో ఒక కాపీ పెట్టండి, ఎల్లుండి నాన్నగారి చేతికే ఇచ్చి పంపవచ్చు. ఇంకో మాట. సైన్స్ ఫిక్షన్ బదులు వైజ్ఞానిక కల్పన అని ట్యాగ్ పెడితే తెలుగులో వెతకడం తేలిక.

తాళంచెవి:
కల్పన అంటే ఊహ అనే అర్థం వస్తుంది. విజ్ఞాన కాల్పనిక సాహిత్యం అనాలి.

పాతకెర్నల్:
వ్యాన్ ఐపీ.

రాజమండ్రి_పై:
సారీ అండీ. 100.72తో మొదలవుతోంది. డక్ డీఎన్ఎస్‌లో మాత్రం 49తో మొదలయ్యేది చూపిస్తోంది. డైనమిక్ ఐపీ కదా, మారి ఉంటుంది. ఆ, గత నెల కనెక్షన్ మార్చాం. పాతవాళ్లు సరిగా రావట్లేదని కొత్త ఫైబర్ తీసుకున్నాం. అది చెప్పలేదు కదా.

పాతకెర్నల్:
సీజీనాట్. ఆ రూటర్‌లో నువ్వు ఏం తెరిచినా లాభం లేదు.

నడిరేయి:
తమ్ముడూ, కాస్త వివరంగా చెప్తాను. డైనమిక్ ఐపీ అంటే మారేది, కానీ నీదే. నీకు వచ్చింది మారేది కాదు, పంచుకునేది. ఐపీవీ4 అనే పాత చిరునామా పద్ధతిలో మొత్తం చిరునామాలు దాదాపు 430 కోట్లే. ప్రపంచ కేటాయింపు సంస్థ దగ్గర ఖాళీ బ్లాకులు 2011 ఫిబ్రవరిలోనే అయిపోయాయి. అందుకే ఇంటర్నెట్ కంపెనీలు ఒక్క చిరునామా వెనక చాలా ఇళ్లను పెడతాయి, అదే సీజీనాట్. ఆ పద్ధతి కోసం 100.64 నుంచి 100.127 దాకా ఉన్న వరుసను 2012లో విడిగా కేటాయించారు. డక్ డీఎన్ఎస్ చూపే 49 మీ వీధి చివర గేటు అనుకో. అక్కడికి వచ్చిన మనిషిని మీ ఇంటికి పంపమని ఆ గేటు వాచ్‌మన్‌కి నువ్వు చెప్పలేవు. నీ రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డ్ చేయడం ఇంటి తలుపు తీయడం లాంటిది, అంతే.
దారులు మూడు. కంపెనీ వాళ్లను పబ్లిక్ ఐపీ అడుగు, కొందరు నెలకు ఇంత అని తీసుకుని ఇస్తారు. లేదా చిరునామాల కొరత లేని కొత్త పద్ధతి ఐపీవీ6 ఉందేమో చూడు. లేదా టెయిల్‌స్కేల్ పెట్టు, అది నీ పరికరాలను ఒక ప్రైవేట్ నెట్‌వర్క్‌గా కలుపుతుంది. పై మీద, నాన్నగారి ట్యాబ్ మీద ఇన్‌స్టాల్ చేస్తే చాలు, పోర్ట్ అసలు తెరవక్కర్లేదు. రెండు వైపులా లోపల నుంచి బయటికే కనెక్షన్ వెళ్తుంది కాబట్టి సీజీనాట్ అడ్డు రాదు.

తాళంచెవి:
టెయిల్‌స్కేల్ పెడితే అది సొంత సర్వర్ అనిపించుకోదు. ఏ పరికరం ఎక్కడుందో చూసే సమన్వయ సర్వర్ ఆ కంపెనీదే. ఆ సమన్వయ సర్వర్‌ని మనమే నడుపుకునే హెడ్‌స్కేల్ పెట్టుకోండి.

నడిరేయి:
హెడ్‌స్కేల్‌కి బయట నుంచి అందే చిరునామా ఉన్న సర్వర్ కావాలి. అది లేకే కదా ఇతను అడుగుతున్నాడు. నెలనెలా అద్దెకు ఇంకో సర్వర్ తీసుకుంటే సరే. టెయిల్‌స్కేల్ వాడేది వైర్‌గార్డ్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి, ప్రైవేట్ కీ పరికరం దాటదు, కథలను మధ్యలో ఎవరూ చదవలేరు. ఏయే పరికరాలు ఉన్నాయన్నది మాత్రం వాళ్లకు తెలుస్తుంది, ఆ మాట ఒప్పుకుంటాను.

తాళంచెవి:
ఆ తెలిసేదే గోప్యత పోవడమని మొదటి నుంచీ నా బాధ.

అట్టపుస్తకం:
ఇప్పుడు మీరే గోప్యత, భద్రత వేరని ఒప్పుకున్నట్టే.

రాజమండ్రి_పై:
టెయిల్‌స్కేల్ పెట్టాను. రాస్‌బెర్రీ పైకి 100.91తో మొదలయ్యే అడ్రస్ ఇచ్చింది! మళ్లీ సీజీనాటేనా? టెన్షన్‌గా ఉంది.

పాతకెర్నల్:
కాదు. అదీ అదే వరుస వాడుకుంటుంది. ఆ అడ్రస్ పక్కన 8083 కొట్టి చూడు. ఫోన్‌లోనూ టెయిల్‌స్కేల్ పెట్టి, వైఫై తీసేసి, మొబైల్ డేటాలో.

రాజమండ్రి_పై:
తెరుచుకుంది.

నడిరేయి:
రూటర్‌లో ఆ ఫార్వర్డింగ్ తీసేయడం మర్చిపోకు. రేపు పబ్లిక్ ఐపీ వస్తే అది నిజంగా తెరుచుకుంటుంది. వీలు చూసుకుని ఐపీవీ6 ఉందో లేదో కూడా చెప్పు.

అట్టపుస్తకం:
స్కాన్‌లు బొమ్మలుగానే ఉన్నాయా? బొమ్మలోని అక్షరాలను చదివే టెసెరాక్ట్‌లో తెలుగు ఉంది. పాత అచ్చులో ఒత్తులు తప్పు చదువుతుంది, అయినా వెతకడానికి పనికొస్తుంది. ఒక పేజీ మీద ప్రయత్నించి చెప్తారా?

రాజమండ్రి_పై:
నాన్నగారు నిన్న విజయవాడ నుంచి తెరిచి రెండు కథలు చదివారట. థ్యాంక్సండీ అందరికీ.

కొత్తగా_వచ్చా:
నాదీ ఇదే సమస్య. కానీ నా వ్యాన్ ఐపీ 100 కాదు, 10తో మొదలవుతోంది. మోడెమ్ విడిగా లేదు, రూటర్‌లోనే ఉంది. ఇదీ అదేనా?

పాతకెర్నల్:
అదే.