పాత సుమోలో క్లచ్ గాలి ఎంత తీసినా పెడల్ మెత్తగానే ఉంది

ప్రశ్న (మిర్యాలగూడ నుండి)
అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇంటి ముందు రేకుల షెడ్డులో ఒక పాత టాటా సుమోను తీరిక దొరికినప్పుడల్లా బాగుచేసుకుంటున్నాను. కారుతున్న క్లచ్ స్లేవ్ సిలిండర్‌ను (ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ను కదిపే చిన్న సిలిండర్) తీసి, సికింద్రాబాద్ రాణిగంజ్ నుండి తెప్పించిన కొత్తదానిని బిగించాను. బండి ముందు భాగాన్ని ఇటుకలపై ఎత్తిపెట్టి, తమ్ముడు పెడల్ తొక్కుతుండగా నేను గాలి వదిలే నిపుల్ (స్లేవ్ సిలిండర్‌పై ఉండే చిన్న మర) విప్పుతూ అరలీటరు బ్రేక్ ఆయిల్ ఖర్చుచేసినా పెడల్ మెత్తగానే ఉంది. ఇంజన్ ఆపినప్పుడు పడే గేర్లు స్టార్ట్ చేయగానే గరగరమంటున్నాయి. పెడల్ తొక్కితే ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్ కూడా మార్చాలా?

జవాబు (జడ్చర్ల నుండి)
సోదరా, అన్నిటికన్నా ముందు ఆ ఇటుకలు తీసివేయండి. అవి ఎప్పుడు పగులుతాయో చెప్పలేము. బండిని చదునైన నేలపై న్యూట్రల్‌లో నిలిపి, చక్రాలకు అడ్డుకట్టలు పెట్టండి.

పెడల్‌ను వెంటవెంటనే నాలుగైదుసార్లు తొక్కితే గట్టిపడి, కాసేపటికి మళ్ళీ మెత్తబడితే లోపల గాలి మిగిలినట్టే. గట్టిపడిన పెడల్‌ను తొక్కిపట్టినప్పుడు, బయట ఎక్కడా తడి లేకుండానే అది మెల్లగా కిందికి జారిపోతే మాస్టర్ సిలిండర్ రబ్బర్లను అనుమానించాలి.

గాలి ఎప్పుడూ పైకే చేరుతుంది కనుక నిపుల్, స్లేవ్ సిలిండర్‌లో అన్నిటికన్నా ఎత్తులో ఉండాలి. మీరు బండి ముందు భాగం ఎత్తడంతో వాలు మారి, వేరే మూల పైకి వచ్చి, బుడగ అక్కడే చిక్కి ఉండవచ్చు. చదునుగా నిలిపాక కూడా పోకపోతే, పైపు విప్పకుండా సిలిండర్ బోల్టులు మాత్రమే తీసి, నిపుల్ పైకి వచ్చేలా వంచి పట్టుకోండి. పిస్టన్‌ను మాత్రం లోపలికి నొక్కి గట్టిగా కట్టండి. అది మరిచి నేను ఒకసారి మొహం నిండా ఆయిల్ కొట్టించుకున్నాను.

నిపుల్‌కు పారదర్శక గొట్టం తొడిగి, రెండో కొనను సీసాలోని ఆయిల్‌లో ముంచండి. పెడల్ తొక్కిపట్టాక పావు చుట్టు విప్పి, తమ్ముడు కాలు తీయకముందే బిగించాలి; ఆలస్యమైతే గాలి వెనక్కి పీల్చుకుంటుంది. పైన మాస్టర్ సిలిండర్‌కు ఉండే ఆయిల్ డబ్బా ఒక్కసారి ఖాళీ అయినా పని మొదటికే వస్తుంది.

ప్రశ్నించినవారు
అన్నగారూ, సిలిండర్‌ను వంచగానే పెద్ద బుడగ వచ్చింది, గేర్లు ఇప్పుడు మెత్తగా పడుతున్నాయి. సీసాలోకి దిగిన ఆయిల్ శుభ్రంగానే ఉంది, మళ్ళీ పోయవచ్చా?

జవాబు
వద్దు. బ్రేక్ ఆయిల్‌లో డాట్ 3, డాట్ 4 అనే రకాలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. కొత్త డాట్ 3కి కనీసం 205 డిగ్రీల సెల్సియస్ ఉండవలసిన మరుగు స్థానం, తేమ పట్టాక 140 వరకు పడిపోవచ్చు. బానెట్‌పై చుక్క పడి ఉంటే వెంటనే నీళ్ళతో కడగండి, పెయింట్ లేచిపోతుంది.