నాటు బాతుల బరువు, రంగు చూసి మంద కలగలిసిందని చెప్పవచ్చా?

ప్రశ్న: కొల్లేటి గట్టు

నమస్కారమండి. మాది కైకలూరు దగ్గరి ఊరు. మా నాన్నగారి కాలం నుంచి సాకుతున్న నాటు బాతుల మందలో ఇప్పుడు 86 మిగిలాయి, వాటిలో 9 మగవి. మొన్న పొదుగు గుడ్ల కోసం వచ్చిన వ్యాపారి ఒకరు రెండు మగబాతులను చేత్తో ఎత్తి చూసి, ఇవి రెండు కిలోలు తూగుతున్నాయి గనుక ఫారం బాతు కలిసిందని, మెడ కింద తెల్ల పట్టీ ఉన్న ఆడబాతులే దానికి సాక్ష్యమని చెప్పి, ఒప్పుకున్న ధరలో గుడ్డుకు రెండు రూపాయలు తగ్గించారు. ఆయన వెళ్ళాక ఒక్కొక్కదాన్నీ గోనె సంచిలో వేసి, వేలాడే కాటాకు తగిలించి అన్నింటినీ తూచాను. ఆడవి 1.35 నుంచి 1.75 కిలోల వరకు, మగవి 1.5 నుంచి 2.05 కిలోల వరకు వచ్చాయి. ఆడవి ఎక్కువగా గోధుమ రంగు మీద నల్ల చారలవి. నాలుగింటికి మాత్రం ఆ తెల్ల పట్టీ ఉంది. మగవాటిలో ఆరింటికి తల ఆకుపచ్చగా నిగనిగలాడుతుంది, మూడింటికి ఆ నిగారింపు లేక ఆడబాతుల్లాగే ఉన్నాయి. ఈ లెక్కతో ఏమైనా తేలుతుందా? ఇంకా ఏమేమి కొలవాలి?

జవాబు 1: పశువైద్య విద్యార్థిని

ముందుగా, ఏ వేళలో తూచారో చెప్పలేదు. మేత మేసి, నీళ్ళలో ఈది వచ్చిన బాతుకూ, తెల్లవారుజామున గూట్లో ఉన్న బాతుకూ కాటా ఒకే అంకె చూపించదు. బాతులు సాధారణంగా పొద్దెక్కక ముందే గుడ్డు పెట్టేస్తాయి కాబట్టి, గుడ్లు ఏరుకున్న తరువాత, మేతకు వదలక ముందు తూచండి; లేకపోతే కొన్నింటి కడుపులో ఉన్న 65–70 గ్రాముల గుడ్డు కూడా లెక్కలోకి వస్తుంది. సంచి బరువు తీసివేయడం మరచిపోకండి, అది తడిసినప్పుడల్లా మళ్ళీ తూచాలి.

ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ పశుజాతుల రూప లక్షణాల నమోదు కోసం 2012లో మార్గదర్శకాలు వెలువరించింది. పూర్తిగా ఎదిగినవాటినే, ఆడ మగ వేరువేరుగా నమోదు చేయడం ఆ పద్ధతిలో మౌలికమైన విషయం. బరువుతో పాటు రొమ్ము చుట్టుకొలత, రొమ్ము ఎముక పొడవు, ముక్కు పొడవు, కీలు నుంచి పాదం దాకా కాలి పొడవు రాసుకోండి. వీటిలో బరువుతో బాగా పొంతన కుదిరేది సాధారణంగా రొమ్ము చుట్టుకొలతే. రెక్కలు పైకెత్తి పట్టుకుని, కుట్టు టేపును రెక్కల మొదలు వెనుక నుంచి ఈకలు అణిగేంత మాత్రమే బిగించి చుట్టాలి. ఒకరు పట్టుకుంటే మరొకరు కొలవాలి, ప్రతిసారీ కొలిచే చెయ్యి ఒక్కటే అయి ఉండాలి. మేపుల తేడాతో బరువు ఊగిసలాడినా ఎముక కొలతలు అంత త్వరగా మారవు, అందుకే వాటిని నమ్ముతాము.

జవాబు 2: దాళ్వా మేపరి

ముప్పై ఏళ్ళుగా బాతుల వెంట తిరుగుతున్నవాడిగా చెబుతున్నాను బాబూ, చేత్తో ఎత్తి జాతి చెప్పేవారి మాట నేను లెక్కచేయను. సార్వా కోతలయ్యాక రాలిన వడ్లూ నత్తలూ మేసిన మంద, ఎండాకాలంలో చెరువులు అడుగంటినప్పుడు అదే మందేనా అనిపించేంత తేలికైపోతుంది. వ్యాపారి ఏ నెలలో వచ్చారన్నది అందుకే ముఖ్యం.

నిగారింపు లేని ఆ మూడు మగబాతుల గురించి కంగారు పడనవసరం లేదు. గుడ్ల కాలం ముగిశాక మగబాతు తల మీది ఆకుపచ్చ ఈకలు రాలి, కొన్నాళ్ళపాటు ఆడబాతు రంగులోనే ఉంటుంది. తోక మీద పైకి వంకీ తిరిగే ఈకలు కూడా అప్పుడు ఊడిపోతాయి. ఆ రోజుల్లో గొంతు ఒక్కటే గుర్తు. పట్టుకోగానే గట్టిగా బెకబెకలాడితే ఆడది, బొంగురుగా బుసపెట్టినట్టు వినిపిస్తే మగది. రంగుల లెక్క మాత్రం కొత్త ఈకలు పూర్తిగా వచ్చాకే రాసుకోండి.

జవాబు 3: అలప్పుళలో ఉన్న తెలుగువాడిని

ఇక్కడ కేరళలో కుట్టనాడు బాతులను చారా, చెంబల్లి అని రంగును బట్టే పిలుస్తారు. మలయాళంలో చారం అంటే బూడిద, చెంబు అంటే రాగి. రంగులో ఇంత తేడా ఉన్నా పరిమాణంలో రెండూ దాదాపు ఒకటే. రంగు ఒక దారిన, బరువు మరొక దారిన నడుస్తాయని దీన్ని బట్టే తెలుస్తుంది.

మెడ పట్టీ నాటు మందల్లోనూ, సంకరాల్లోనూ కనిపిస్తుంది కాబట్టి అది సాక్ష్యం కాదు. అయితే తెల్ల పట్టీ లేకపోవడం కూడా మందను స్వచ్ఛమైనదిగా నిరూపించదు, ఎందుకంటే మాంసం కోసం ఫారాల్లో పెంచే తెల్ల పెకిన్ బాతు ఒళ్ళంతటి తెలుపు అణిగి ఉండే గుణం. మొదటి తరం పిల్లలు రంగుతోనే పెరుగుతాయి. ఆ గుణాన్ని మోసే రెండు రంగు బాతులు జతకడితే నాలుగింట ఒకటి చొప్పున తెల్లవి బయటపడతాయి. మీ పొదుగుల్లో ఎప్పుడైనా ఒంటిమీద నల్ల మచ్చ లేని పసుపుపచ్చని పిల్లలు వచ్చాయా? నాటు పిల్ల అయితే వీపు ముదురుగా ఉండి, కంటి మీదుగా ఒక గీత ఉండాలి.

వ్యాపారి మస్కోవీని (ముఖం మీద ఎర్రటి కండ ఉండే వేరే జాతి బాతును) అనుమానించి ఉంటే అది మరింత సులువుగా తేలుతుంది. మస్కోవీ మగది ఆడదానికి ఇంచుమించు రెట్టింపు తూగుతుంది, మీ మందలో ఆ తేడా అంతగా లేదు. పైగా మస్కోవీకీ నాటు బాతుకూ పుట్టిన సంతానం గొడ్డుబోతుంది కాబట్టి ఆ రక్తం తరాలు నిలవదు. పెకిన్ పోలిక మాత్రం ఎదిగిన బరువులో కన్నా పెరిగే వేగంలో పట్టుబడుతుంది. మంచి మేతతో అది ఆరేడు వారాలకే రెండు కిలోలు దాటుతుంది, నాటుది ఆ వయసుకు దాని దరిదాపుల్లో కూడా ఉండదు. ఈసారి పిల్లలను ఎనిమిదో వారంలో తూచి చూడండి.

కొల్లేటి గట్టు

అందరికీ కృతజ్ఞతలండి. వరుసగా మూడు ఉదయాలు, గుడ్లు ఏరాక, పొడి సంచిలో మళ్ళీ తూచాను. ఏడు మగబాతులు 1.5–1.7 కిలోల మధ్య సర్దుకున్నాయి, రెండు మాత్రం 1.95 దగ్గరే నిలిచాయి; వాటి రొమ్ము చుట్టుకొలత, కాలి పొడవు కూడా మిగిలినవాటికన్నా ఎక్కువే వచ్చాయి. పచ్చని పిల్లల మాట అడిగితే అమ్మ వెంటనే చెప్పింది: మూడేళ్ళ కిందట పక్క ఊరి చుట్టాలిచ్చిన గుడ్లను మా కోడి కింద పొదిగిస్తే వచ్చినవే ఈ రెండూ, వాటి తోడుగా పుట్టిన పచ్చ పిల్ల ఒకటి కుక్క పాలయింది. ఆ వ్యాపారి ఎత్తి చూసింది సరిగ్గా వీటినే. రెండింటినీ విడిగా కట్టేశాను, వీటితో తిరిగిన ఆడబాతుల గుడ్లను కొన్ని వారాలు కూరకే వాడుతాము. అప్పటిదాకా పొదుగు గుడ్లు ఇవ్వలేనని వ్యాపారికి కబురు పెట్టాను. ఈ తూకాల పుస్తకం చూపించాక, మిగిలిన ఏడు మగబాతులతో ఉన్న మందకు పాత ధరే అడుగుతాను.