ఎర కోయడానికీ, చేప కండ తీయడానికీ ఒకే కత్తి సరిపోతుందా?

ప్రశ్న (కర్నూలు):
పెద్దలకు నమస్కారం. ఆదివారాల్లో తుంగభద్ర ఒడ్డున గాలం వేస్తుంటాను. కమ్మరి దగ్గర లారీ కమాను పట్టీతో చేయించుకున్న కత్తితోనే ఎరకు రొయ్యలు కోస్తాను, పడిన చేపనూ దానితోనే శుభ్రం చేస్తాను. ముక్కలు కొట్టడానికి అది బాగానే ఉంది గానీ, పళ్లు లేని మా అమ్మకు ముల్లు తీసి పెడదామంటే సగం కండ నడిముల్లుకే మిగిలిపోతోంది. పోయిన వారం శీలావతిని అలా కోసి వండితే, రెండో ముద్దకే ఆమె గొంతులో సన్నని ముల్లు గుచ్చుకుంది. ఎలాంటి కత్తి కొనాలో దయచేసి చెప్పండి.

సమాధానం (కడప):
రెండు పనులకూ రెండు కత్తులు ఉండాలి. ఎరకు మూడు నాలుగు అంగుళాల పొట్టి, వంగని చాకు చాలు; అది చవకదైనా ఫర్వాలేదు. కండ తీయడానికి మాత్రం ఆరేడు అంగుళాల పొడవు, సన్నని మొన, పలుచని వెన్ను ఉన్న స్టెయిన్‌లెస్ స్టీలు ఫిల్లెట్ కత్తి తీసుకోండి. కొనేటప్పుడు మొనను చెక్క మీద ఆనించి మెల్లగా నొక్కి చూడండి: విల్లులా వంగి, వదలగానే తిన్నగా నిలవాలి. ఆ వంపు ఉన్న కత్తే నడిముల్లును ఒరుసుకుంటూ పోతుంది. కత్తి ముల్లు మీద నడుస్తున్నంత సేపూ టకటకమని సన్నని చప్పుడు వినిపిస్తుంది. అది ఆగిందంటే అంచు కండలోకి తప్పిందని గ్రహించి, వెంటనే కిందికి వాల్చాలి.

సమాధానం (అనంతపురం):
పై మాటలన్నీ నిజమే, అయితే అమ్మగారి గొంతులో గుచ్చుకున్న ముల్లుకు కారణం కత్తి కాదు. శీలావతి, బొచ్చె, ఎర్రమోసు, బంగారుతీగ చేపలకు నడిముల్లు కాక, కండ లోపలే పంగల కర్రలా చీలిన సన్నని ముళ్లు ఉంటాయి. ఎంత మంచి కత్తితో పలక తీసినా అవి కండతోపాటే వస్తాయి. ఆమెకు కొర్రమీను గానీ జిలేబీ చేప గానీ పెట్టండి, వాటి కండలో ఆ ముళ్లు ఉండవు. కొర్రమీను చేతిలో జారుతుంది కనుక ముందు బూడిద పట్టించి, బండ మీద రుద్ది కడగండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. చేపదే తేడా అని నాకు తట్టనే లేదు. పిడి చెక్కది మేలా, ప్లాస్టిక్‌దా? వీధిలోకి సైకిల్ మీద వచ్చే సాన అతనికి ఇవ్వవచ్చా?

సమాధానం (కడప):
చెక్క పిడి నీరు పీల్చి నీచువాసన పట్టేస్తుంది. గరుకుగా ఉండే ప్లాస్టిక్ పిడి అయితే తడి చేతిలో జారదు. సాన చక్రానికి మాత్రం ఇవ్వకండి. పలుచని అంచు ఆ వేడికి రంగు మారి మెత్తబడుతుంది, తర్వాత పదును నిలవదు. తడిపిన సానరాయి మీద పదిహేను, ఇరవై డిగ్రీల వాలులో ఇంట్లోనే పట్టుకోండి. కోయడం అయ్యాక కడిగి, పూర్తిగా తుడిచి ఆరాకే ఒరలో పెట్టండి.