ఇంటర్ రెండో సంవత్సరం పిల్లల కళాశాల ప్రవేశాలు: ఇంటివాళ్ళు ముందుగా ఏం సిద్ధం చేసుకోవాలి? (చర్చ)

పరకాల అన్న

అందరికీ నమస్కారం. మా చెల్లె ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతున్నది. మొదటి సంవత్సరంలో 470 మార్కులకు 441 వచ్చాయి. బాపు ఏనుమాముల మార్కెట్‌లో హమాలీ పనికి వెళ్తాడు. నేను డిగ్రీతో చదువు ఆపి విత్తనాల దుకాణంలో లెక్కలు రాస్తున్నాను. మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ ఇంజినీరింగ్ గడప తొక్కలేదు. బతుకమ్మ సెలవులకు ఇంటి దగ్గరున్న చెల్లె నిన్న రాత్రి, "అన్నా, చదివే సంగతి నేను చూసుకుంటా, మిగిలిందంతా నువ్వు తెలుసుకో" అన్నది. ఆ మిగిలిందేమిటో నాకు తెలియదు. మేము బీసీలం, తెలుగు మాధ్యమంలో చదివిన పిల్ల. ఈ దారిలో తమ పిల్లలను నడిపించినవారు ఏ నెలలో ఏం చేశారో, ఎక్కడ దెబ్బతిన్నారో చెబితే మాకు ఎంతో మేలు చేసినవారవుతారు.

హన్మకొండ గణితం సార్

తమ్ముడూ, నేను ప్రభుత్వ జూనియర్ కళాశాలలో గణితం చెబుతున్నాను. చదువు చెల్లె చూసుకుంటుందన్నారు కానీ, అందులోనూ ఇంటివాళ్ళు తెలుసుకోవలసినది కొంత ఉన్నది.

తెలంగాణలో ఇంజినీరింగ్ సీట్లకు రాసే ప్రవేశ పరీక్ష, మనమంతా ఇంకా ఎంసెట్ అనే పిలుచుకుంటున్న ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలుంటాయి, సమయం మూడు గంటలు. గణితం 80, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 40. లెక్క కడితే ఒక్కో ప్రశ్నకు 68 సెకన్లు కూడా దొరకవు. తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు. మా పిల్లల్లో చాలామంది గణితంతో మొదలుపెట్టి, పట్టుబడని ఒక లెక్క దగ్గర అయిదారు నిమిషాలు కూర్చుండిపోయి, చివరికి తమకు బాగా వచ్చిన రసాయనశాస్త్రం ప్రశ్నలను చదవకుండానే బయటికి వస్తారు. అందుకే ముందు రసాయనశాస్త్రం ముగించి గణితానికి రమ్మని నేను చెబుతుంటాను. ఇది నా అనుభవంలో నిలిచిన పద్ధతి మాత్రమే, మీ చెల్లెకు ఏది కుదురుతుందో రెండు మూడు నమూనా పరీక్షల్లో తేలిపోతుంది.

ఎంసెట్ ర్యాంకు కట్టేటప్పుడు ఇంటర్ మార్కులకు ఇచ్చే 25 శాతం వెయిటేజీని 2023లో తీసివేశారు. దానితో ఇంటర్ మార్కులు ఎందుకూ పనికిరావన్న మాట పిల్లల్లో పాకింది, అది పొరపాటు. కేంద్ర ప్రభుత్వ ఇంజినీరింగ్ సంస్థలైన ఎన్‌ఐటీల్లో చేరాలంటే ఇంటర్‌లో 75 శాతం ఉండాలి, లేదా బోర్డులో పై 20 పర్సంటైల్‌లో, అంటే పాసైన ప్రతి వందమందిలో పై ఇరవై మందిలో, నిలవాలి. ఎస్సీ, ఎస్టీలకు ఆ శాతం 65.

ఇంకొక విషయం మనసులో పెట్టుకోండి. ఈ పరీక్ష కంప్యూటర్ మీద రాయాలి. కొన్నేళ్ళ కిందట నా దగ్గర ఒక అమ్మాయి ఉండేది, బోర్డు మీద లెక్క వేస్తుంటే నేనే ఆగి చూసేవాణ్ణి. నమూనా పరీక్షకు ల్యాబ్‌లో కూర్చోబెడితే మౌస్‌ను పావురాన్ని పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకున్నది. బాణం గుర్తు ఒక జవాబు మీది నుంచి పక్కదాని మీదికి జారిపోతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ తర్వాత మూడు శనివారాలు మధ్యాహ్నం ల్యాబ్ తాళం తీయించి ఆమెకు కంప్యూటర్ మాత్రమే నేర్పించాను, లెక్కల ఊసెత్తలేదు. మీ చెల్లెను కూడా ఇప్పటి నుంచే కళాశాల కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టండి. అధికారిక వెబ్‌సైట్‌లో నమూనా పరీక్ష ఉచితంగానే ఉంటుంది. దరఖాస్తులో భాష అడిగినప్పుడు తెలుగును ఎంచుకుంటే ప్రశ్నలు ఇంగ్లీషుతో పాటు తెలుగులోనూ కనిపిస్తాయి. ఆ ఒక్క గడిని ఎవరో తొందరలో నింపకుండా చూసుకోండి.

జమ్మికుంట నాన్న

సార్ చెప్పినది పరీక్ష వరకు. మేము దెబ్బతిన్నది పరీక్ష అయిన తర్వాత.

మా అబ్బాయికి, ఎంసెట్ ర్యాంకుల ప్రకారం సీట్లు పంచే కౌన్సెలింగ్ మొదటి విడతలో, జగిత్యాల జిల్లా నాచుపల్లిలోని జేఎన్‌టీయూ కళాశాలలో సీటు వచ్చింది. ప్రభుత్వ కళాశాల, ఇంటికి దగ్గర, ఫీజు తక్కువ. ఇంటిల్లిపాదీ కొండగట్టుకు వెళ్ళి కొబ్బరికాయ కొట్టి వచ్చాము. అయినా ఇంకా మంచి బ్రాంచి రావచ్చని ఎవరో అనగా రెండో విడతకు ఒక నెట్ సెంటర్‌కు వెళ్ళాము. అక్కడి కుర్రవాడు సాయం చేయాలన్న మంచి మనసుతోనే ముప్పైకి పైగా ఆప్షన్లు, అంటే కోరుకునే కళాశాలల పేర్లు, పెట్టాడు. అందులో హైదరాబాద్ చుట్టుపక్కల మేము పేరు కూడా వినని ప్రైవేటు కళాశాలలున్నాయి. సీటు వాటిలో ఒకదానిలో పడింది. కొత్త సీటు వచ్చిన క్షణమే పాత సీటు దానంతటదే రద్దయి మరొకరికి వెళ్ళిపోతుందన్న నియమం మాకు అప్పటిదాకా తెలియదు. హెల్ప్‌లైన్ కేంద్రంలో అధికారి కంప్యూటర్ మా వైపు తిప్పి చూపించాడు. నాచుపల్లి గడిలో మావాడి పేరు లేదు. తిరుగు ప్రయాణంలో బస్సులో మావాడు నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

కనుక తమ్ముడూ, చేతిలో సీటు ఉన్నప్పుడు, దానికంటే నిజంగా మేలనుకున్నవాటినే తర్వాతి విడతలో పెట్టండి. అట్లాంటివి లేకపోతే ఆ విడతలో ఆప్షన్లే పెట్టవద్దు. మొదటి విడతలో మాత్రం ధారాళంగా పెట్టవచ్చు, వరుస మాత్రం మీ ఇష్టం ప్రకారమే ఉండాలి, ఎందుకంటే కంప్యూటర్ పై నుంచి కిందికి చూస్తూ మీ ర్యాంకుకు అందిన మొదటిదాన్ని ఇచ్చి అక్కడే ఆగిపోతుంది. నాచుపల్లి, మంథని, సిరిసిల్ల జేఎన్‌టీయూ కళాశాలలూ, కాకతీయ విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ కళాశాలా మనకు అందుబాటులో ఉన్నవే. ఆ జాబితాను ముందు ఇంట్లో కాగితం మీద రాసుకొని, నలుగురూ చూసి, అప్పుడే ఎక్కించండి. సీటు వచ్చాక గడువులోగా ఫీజు కట్టి సెల్ఫ్ రిపోర్టింగ్ (చేరుతున్నామని ఆన్‌లైన్‌లో మనమే తెలపడం) చేయకపోయినా సీటు పోతుంది.

హుస్నాబాద్ అక్క

నేను వరంగల్ ఎన్‌ఐటీలో చదివాను. కాజీపేట నుంచి హన్మకొండ వెళ్ళే బస్సు కిటికీలోంచి ఆ గేటును చూసి అది మనలాంటివాళ్ళది కాదనుకునే ఆడపిల్లలు మన జిల్లాల్లో చాలామంది ఉన్నారు. 1959లో ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలగా పుట్టిన ఆ సంస్థలో సగం సీట్లు మన రాష్ట్రం పిల్లలకే కేటాయించారు. 441 మార్కులు తెచ్చుకున్న పిల్ల చేత ఎన్‌ఐటీ సీట్లకు రాసే జేఈఈ మెయిన్ తప్పకుండా రాయించండి. జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి జరుగుతుంది, రెండింటిలో మేలైన స్కోరునే తీసుకుంటారు. అది కూడా తెలుగులో రాయవచ్చు. అయితే అందులో తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది, అక్కడ ఎంసెట్ అలవాటుతో ఊహించి గుర్తులు పెట్టకూడదు.

కాగితాల విషయంలో మీ వంటి బీసీ కుటుంబాలు ఎక్కువగా చిక్కుపడేది ఇక్కడే. మన మీసేవలో తీసుకున్న రాష్ట్ర బీసీ కుల ధ్రువపత్రం ఎంసెట్‌కు చెల్లుతుంది, ఎన్‌ఐటీ కౌన్సెలింగ్‌కు చెల్లదు. అక్కడ కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఉన్న ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం (బీసీల్లో సంపన్న వర్గానికి చెందరని తెలిపేది) కావాలి, అది కౌన్సెలింగ్ జరిగే సంవత్సరం ఏప్రిల్ 1 నాడు గానీ ఆ తర్వాత గానీ ఇచ్చినదై ఉండాలి. మీ కులం కేంద్ర జాబితాలో ఉన్నదో లేదో ఇప్పుడే చూసుకోండి, రాష్ట్ర జాబితాలో ఉన్నవన్నీ అందులో లేవు. ఆదాయ ధ్రువపత్రం కౌన్సెలింగ్ జరిగే సంవత్సరం జనవరి 1 తర్వాతిదై ఉండాలి. ముందుచూపుతో ఈ దసరాకే తీసిపెడితే అది పనికిరాదు, మళ్ళీ తిరగాలి. ప్రభుత్వమే ఫీజు భరించే ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు మీ వంటి కుటుంబాలకు ఆదాయ పరిమితి గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు. బీసీలకు ర్యాంకు పదివేల లోపు వస్తే పూర్తి ఫీజు అందుతుంది, అది దాటితే వచ్చే మొత్తానికి పరిమితి ఉంటుంది కాబట్టి ప్రైవేటు కళాశాలను ఎంచుకునే ముందు మిగతా ఫీజు ఎవరు కడతారో లెక్క వేసుకోండి.

పదో తరగతి మెమోనూ ఆధార్‌నూ పక్కపక్కన పెట్టి పేరు అక్షరం అక్షరం చూడండి. నా మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటే ఆధార్‌లో పొడి అక్షరమే ఉండేది, సరిచేయించడానికి నెలకు పైగా పట్టింది.

ములుగు టీచరమ్మ

అందరూ ఇంజినీరింగ్ గురించే రాశారు, ఒక్క మాట కలుపుతాను. ఏ సీటు వచ్చినా రాకపోయినా, డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ వేదిక దోస్త్‌లో కూడా పేరు నమోదు చేయించండి. డిగ్రీలో చేరాలంటే దారి అదే. చేతిలో మరొక ఆసరా ఉన్నదన్న ధైర్యంతో పిల్లలు ఎంసెట్ ఇంకా నిదానంగా రాస్తారని నా విద్యార్థులను చూసి చెబుతున్నాను. ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం 2024లో తరగతులు మొదలుపెట్టింది, దానికి కేంద్రీయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాయాలి. ఇంట్లో పదో తరగతి చదివే పిల్లలుంటే బాసర ట్రిపుల్ ఐటీని మరువకండి, అక్కడ వేరే ప్రవేశ పరీక్ష లేదు, పది ఫలితాలను బట్టే సీట్లిస్తారు.

హన్మకొండ గణితం సార్

స్టడీ సర్టిఫికెట్ల సంగతి ఎవరూ రాయలేదు. ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు ప్రతి సంవత్సరానికీ కావాలి. పిల్ల స్థానికురాలని తేల్చేవి అవే. చదివిన బడులు రెండు మూడు ఉంటే ఇప్పటి నుంచే తిరగండి. జూన్‌లో అందరూ ఒకేసారి వచ్చి పడతారు, ప్రధానోపాధ్యాయులు సెలవుల్లో ఉంటారు.

పరకాల అన్న

సార్, అక్కా, జమ్మికుంట నాన్నగారూ, టీచరమ్మా, మీ అందరికీ దండాలు. మీరు రాసినదంతా చెల్లె తన నోటు పుస్తకం వెనక పేజీలో నెలల వారీగా రాసుకొని, జనవరి కింద ఆదాయమనీ, ఏప్రిల్ కింద ఓబీసీ అనీ ఎర్ర సిరాతో పెట్టుకున్నది. కేంద్ర జాబితాలో మా కులం ఉన్నది. జేఈఈ దరఖాస్తు మా కళాశాల ల్యాబ్‌లోనే, భాష గడి దగ్గర రెండుసార్లు చూసుకొని నింపాము. శనివారాలు నమూనా పరీక్ష రాస్తున్నది. మొదటిసారి 97 ప్రశ్నల దగ్గరే సమయం అయిపోయింది, మొన్న 131 వరకు వెళ్ళింది.

స్టడీ సర్టిఫికెట్ల దగ్గర మాత్రం సార్ చెప్పినట్టే అయింది. చెల్లె ఆరో తరగతి చదివిన ప్రైవేటు బడి మూతపడి నాలుగేళ్ళయింది. ఆ బడి రిజిస్టర్లు మండల విద్యాధికారి కార్యాలయంలో ఉన్నాయని తెలిసి నిన్న వెళ్ళాము. అక్కడి గుమాస్తా బీరువా అడుగు నుంచి దుమ్ము దులిపి ఒక రిజిస్టర్ తీసి పేజీలు తిప్పుతుంటే, వరుసలో పదిహేడో పేరు దగ్గర చెల్లె వేలు పెట్టి "ఇదిగో నేను" అన్నది. సంతకానికి సోమవారం రమ్మన్నారు.