మా బాపు రాత్రి రెండింటికే లేచి కూర్చుంటున్నాడు, ఏం చేయాలి?

పరకాల_అబ్బాయి
అందరికీ నమస్తే. మేము హన్మకొండ నయీంనగర్‌లో, అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉంటాం. అమ్మ పోయాక, పోయిన దసరా తర్వాత బాపును ఊరి నుంచి మా దగ్గరికి తీసుకొచ్చాను. 72 ఏళ్లు, బీపీ, షుగర్ ఉన్నాయి కానీ రెండూ కంట్రోల్‌లోనే ఉన్నాయి. ఊళ్లో ఉన్నప్పుడు పొద్దున్నే పొలం దాకా పోయి వచ్చేవాడు, సాయంత్రం చీకటి పడేదాకా బయటే. ఇక్కడ పొద్దంతా హాల్లో సోఫా మీదే ఉంటాడు, దుమ్ము వస్తుందని మేము కర్టెన్లు కూడా తీయం. మధ్యాహ్నం తిని ఒంటిగంటకు పడుకుంటే నాలుగింటికి లేస్తాడు, రాత్రి ఎనిమిదింటికల్లా మళ్లీ నిద్ర, రెండింటికి లేచి ఇక ఇల్లంతా తిరుగుతుంటాడు. మొన్న చీకట్లో బాత్రూమ్‌కు పోతూ గడప తట్టుకుని పడబోయి గోడ పట్టుకున్నాడు, అప్పటి నుంచి నాకూ నిద్ర లేదు. "ఒక నిద్ర గోలీ తెచ్చిపెట్టు బిడ్డా" అని రోజూ అడుగుతున్నాడు. తేవాలంటే భయం, కాదనాలంటే మనసు రావట్లేదు.

కాజీపేట_కోడలు
తమ్ముడూ, గోలీ సంగతి పక్కన పెట్టి ముందు లెక్క చూడు. మధ్యాహ్నం 3 గంటలు, రాత్రి ఎనిమిది నుంచి రెండు దాకా 6 గంటలు, మొత్తం 9 గంటలు. ఆ వయసుకు ఏడెనిమిది గంటలు చాలు. అంటే బాపుకు నిద్ర తక్కువ కాలేదు, రెండింటికల్లా పూర్తయిపోతోంది అంతే. మా అత్తమ్మకూ ఇట్లాగే ఉండేది. మధ్యాహ్నం కునుకు అరగంటకు తగ్గించాం, లేపితే మొదట్లో చాలా కోపం వచ్చేది, రెండు వారాలు ఓపిక పట్టాల్సి వచ్చింది. ఇంకోటి, వాకింగ్‌కు పొమ్మంటే కదిలేది కాదు, పాల ప్యాకెట్ తెచ్చిపెట్టమంటే మాత్రం వెంటనే చెప్పులు వేసుకునేది. బాపుకు కూడా ఏదైనా పని అప్పజెప్పు.

వార్డు_సిస్టర్
నేను స్టాఫ్ నర్సును. అక్క చెప్పింది సరైన మాట, వెలుతురు సంగతి నేను కలుపుతాను. మన ఒంట్లో ఒక గడియారం ఉంటుంది, అది ఎట్లా నడుస్తుందో కనిపెట్టినవాళ్లకే 2017లో వైద్యంలో నోబెల్ ఇచ్చారు. దాన్ని సరిచేసేది ముఖ్యంగా కంట్లో పడే వెలుతురే. లైటు వేసిన హాల్లో వెలుతురు మామూలుగా 100 నుంచి 300 లక్స్ (వెలుతురును కొలిచే లెక్క) ఉంటుంది, మబ్బు పట్టిన రోజున కూడా బయట వేలల్లో ఉంటుంది. కర్టెన్ల వెనక కూర్చున్న మనిషి ఒంటికి ఏది పగలో ఏది రాత్రో తేడా తెలియదు. వయసు పెరిగితే ఈ గడియారం ముందుకు జరుగుతుంది, అందుకే తొందరగా నిద్ర, తొందరగా మెలకువ. బాపులాంటివాళ్లకు సాయంత్రం వెలుతురు ఎక్కువ పనికొస్తుంది, ఐదు నుంచి పొద్దుగూకేదాకా బయట ఉంటే నిద్ర వచ్చే టైమ్ కాస్త ఆలస్యమవుతుంది. పొద్దున తీసుకెళ్లినా తెల్లారాకే తీసుకెళ్లండి.

కళ్లు కూడా చూపించండి. శుక్లాలు ఉంటే లోపలికి పోయే వెలుతురు తగ్గుతుంది. బీపీ మందుల్లో మూత్రం ఎక్కువ పోయేది ఏదైనా ఉంటే, అది ఏ పూట వేసుకోవాలో డాక్టర్‌ను అడగండి. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు అనిపిస్తే అదీ చెప్పండి. మెడికల్ షాపులో అడిగి నిద్ర గోలీ మాత్రం తేకండి, పెద్దవాళ్లు ఆ మత్తులో లేచి పడిపోతారు, తుంటి విరిగి మంచం పట్టినవాళ్లను వార్డులో చూస్తూనే ఉన్నాను. బాత్రూమ్ దారిలో ఈ రాత్రే ఒక చిన్న లైటు పెట్టండి.

చెరువుకట్ట_నడక
నాకు 69, రిటైర్డ్ టీచర్‌ని. మా ఆవిడ పోయాక నేనూ ఊరు వదిలి కొడుకు ఇంటికి వచ్చినవాడినే, అందుకే రాస్తున్నాను. బిడ్డా, మీ బాపుకు పోయింది నిద్ర ఒక్కటే కాదు. ఊళ్లో గడప దాటితే పలకరించేవాళ్లు ఉంటారు, ఇక్కడ లిఫ్ట్ దిగితే ఎవరూ ఎరుక లేదు. ఒంటరిగా పొమ్మంటే పోడు, మొదటి వారం పది రోజులు నువ్వే వెంట నడువు. భద్రకాళి చెరువు కట్ట మీదికి గానీ పబ్లిక్ గార్డెన్‌కు గానీ తీసుకురా, మా ఈడు వాళ్లం సాయంత్రాలు అక్కడే ఉంటాం. మొదట పది నిమిషాలు నడిచి బెంచీ మీద కూర్చున్నా చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాలు అంటుంది, 65 దాటినవాళ్లు పడిపోకుండా బ్యాలెన్స్ వ్యాయామాలు కూడా వారానికి మూడు రోజులు చేయాలంటుంది, అక్కడికి మెల్లగా చేరొచ్చు. షుగర్ ఉంది కాబట్టి ఉత్త కాళ్లతో నడవనియ్యకు, షుగర్ పడిపోతే తినడానికి జేబులో రెండు బిస్కెట్లు ఉంచు.

పరకాల_అబ్బాయి
మూడు వారాలైంది, చెప్పాలని వచ్చాను. కర్టెన్లు తీసేశాం, గడప దగ్గర లైటు పెట్టాం. మధ్యాహ్నం నిద్ర ఇంకా గంట దాకా పోతోంది, అది నా చేతిలో లేదు. సాయంత్రం కట్ట మీద మా పక్క ఊరి పెద్దాయన ఒకరు కలిశారు, మొదటిరోజే ఇద్దరూ మిర్చి ధర మీద ముప్పావుగంట మాట్లాడుకున్నారు. ఇప్పుడు ఐదు కాగానే బాపే తయారై నాకు ఫోన్ చేస్తున్నాడు. రాత్రి తొమ్మిదిన్నరకు పడుకుని నాలుగింటికి లేస్తున్నాడు, ఊళ్లో కూడా దాదాపు అదే టైమ్. గోలీ మాట ఎత్తి పది రోజులైంది. సోమవారం కంటి డాక్టర్‌కు చూపిస్తున్నాం. సార్, మే నెలలో మీరు ఎన్ని గంటలకు వస్తారో చెప్పండి, ఐదింటికి ఇక్కడ ఎండ ఇంకా మండుతూనే ఉంటుంది కదా.

చెరువుకట్ట_నడక
ఆరు తర్వాతే వస్తాం బిడ్డా. పొద్దున ఏడులోపు ముగిస్తాం. నీళ్ల సీసా తెచ్చుకోమను.