అప్‌డేట్: లూర్ల ఎపాక్సీకి రంగు కుదిరింది

పొణికి చెక్కతో చేసుకున్న కొరమీను లూర్లకు (చేపను ఆకర్షించే ఉత్తుత్తి ఎరలకు) పైన వేసే క్లియర్ ఎపాక్సీలోనే (రెజిన్, హార్డెనర్ రెండూ కలిపితే గట్టిపడే పారదర్శక పూతలోనే) రంగు కలపొచ్చా, కింద గీసిన పొలుసులు మాత్రం కనపడాలి అని అడిగాను కదా. కలపొచ్చు. ఓపిగ్గా చెప్పిన అందరికీ థాంక్స్.

ఆల్కహాల్ ఇంక్ (ఆల్కహాల్‌లో కలిపిన రంగు సిరా) అన్నవాళ్ల మాటే నెగ్గింది. ముందు చెక్కముక్కల మీద పోల్చి చూశాను. ఇంక్ కలిపింది గాజులా వచ్చింది. నీళ్ల ఆక్రిలిక్ కలిపింది మసకబారింది, పైగా మర్నాటికీ గోరు దిగేంత మెత్తగా ఉంది. మైకా పౌడర్ (అభ్రకం పొడి) మెరుపు భలే ఉంటుంది గానీ పొలుసుల్ని కప్పేస్తుంది.

వరస ముఖ్యం. ముందు రెజిన్‌లో పుల్ల కొనతో ముంచినంత ఇంక్, అది పూర్తిగా కలిశాకే హార్డెనర్. హార్డెనర్ పడ్డాక ఇక రంగు సరిచూసుకునే తీరిక ఉండదు. కప్పులో ముదురుగా కనపడిందని కంగారు పడొద్దు, పల్చటి పొరలో బాగా తేలిపోతుంది. నా తేనె రంగు కప్పులో కాఫీ డికాక్షన్‌లా ఉంది, లూర్ వీపు మీద లేత బంగారంలా దిగింది.

గట్టిపడేదాకా మోటారు మీద మెల్లగా తిప్పాల్సిందే. ఆగితే ఎపాక్సీ జారిన చోటల్లా రంగు ముదురుతుంది. పైన ఇంకో క్లియర్ కోటు వేస్తే చేప పళ్ల గాట్లు రంగు పొరదాకా వెళ్లవు.

ఎపాక్సీ ఎండకు పసుపెక్కుతుంది. తేనె రంగుకు ఫర్వాలేదు. నీలం వాడినవాళ్లుంటే అది ఆకుపచ్చగా మారిందో లేదో చెప్పండి, తర్వాత చేయబోయేది అదే.